భారత పరోక్ష పన్నుల సంస్కరణ: అమ్మకపు పన్ను నుంచి జీఎస్టీ దాకా

భారతదేశంలో సరుకులపైనా సేవలపైనా కేంద్రం, రాష్ట్రాలు విడివిడిగా వేస్తూ వచ్చిన పన్నులను ఒకే పద్ధతి కిందికి తేవడానికి సాగిన దీర్ఘకాల ప్రయత్నాన్ని పరోక్ష పన్నుల సంస్కరణ అంటారు. కేంద్ర ఎక్సైజ్ సుంకంలో 1986 నాటి మాడ్వ్యాట్, రాష్ట్రాల్లో 2005 నాటి విలువ ఆధారిత పన్ను (వ్యాట్), 2017 జులై 1న మొదలైన వస్తు సేవల పన్ను (జీఎస్టీ) ఇందులో ప్రధాన ఘట్టాలు. 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన శ్లాబుల తగ్గింపును కొందరు నాలుగో ఘట్టంగా లెక్కిస్తున్నారు. పన్ను స్వరూపం మారకుండా రేట్లు మాత్రమే మారాయి కాబట్టి దాన్ని మూడో ఘట్టానికి సవరణగా చూడటమే సబబు.

మాడ్వ్యాట్ నుంచి జీఎస్టీకి చేరడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ఈ ఆలస్యానికి పన్ను సిద్ధాంతంలోని చిక్కుల కన్నా, రాబడి పోతుందన్న రాష్ట్రాల భయం, కేంద్రం మాట మీద వాటికున్న అపనమ్మకం పెద్ద కారణాలు. నష్టాన్ని ఎవరు, ఎన్నేళ్లు, ఏ లెక్కన భరిస్తారో కాగితం మీద తేలినప్పుడల్లా సంస్కరణ ముందుకు కదిలింది. తేలనప్పుడల్లా గడువులు దాటిపోయాయి.

పూర్వరంగం

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం సరుకుల అమ్మకంపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. దేశంలో మొదటి అమ్మకపు పన్ను ఏదన్న విషయంలో రెండు వాదాలున్నాయి. సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్ 1938లో మోటారు ఇంధనంపై వేసిన పన్నును కొందరు మొదటిదంటారు. అది ఒక్క సరుకుకే పరిమితం. అన్ని సరుకులకూ వర్తించే సాధారణ అమ్మకపు పన్ను మాత్రం 1939లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం తెచ్చిందే. మద్యనిషేధం వల్ల తగ్గిన రాబడిని పూడ్చుకోవడానికి ఈ పన్ను వచ్చిందని ఎక్కువమంది రచయితలు రాశారు. నిషేధం 1937లో సేలంలో మొదలై, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. కాబట్టి తెలుగు జిల్లాలకు ఈ కథతో సంబంధం మొదటి నుంచీ ఉంది.

రాజ్యాంగం వచ్చాక తయారీపై ఎక్సైజ్ సుంకం కేంద్రానికి, అమ్మకంపై పన్ను రాష్ట్రాలకు దక్కాయి. అయితే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే సరుకుపై పన్ను ఎవరిదన్నది వెంటనే వివాదమైంది. 1953లో యునైటెడ్ మోటార్స్ కేసులో సరుకు వినియోగమయ్యే రాష్ట్రం పన్ను వేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఒకే వ్యాపారికి పలు రాష్ట్రాల నుంచి నోటీసులు వచ్చే పరిస్థితి ఏర్పడింది. 1955లో బెంగాల్ ఇమ్యూనిటీ కేసులో కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. చివరకు 1956లో ఆరో రాజ్యాంగ సవరణ, దాని వెంట కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వచ్చాయి. ఆ పన్నును కేంద్ర చట్టం కింద వేసినా, వసూలు చేసి తన వద్దే ఉంచుకునేది సరుకు బయలుదేరిన రాష్ట్రమే. 1957లో 1 శాతంతో మొదలైన రేటు 1975 నాటికి 4 శాతానికి చేరింది. తగ్గించిన రేటు కోసం కొనేవాడు ఇవ్వాల్సిన సీ ఫారం అనే కాగితం చుట్టూ వ్యాపారులు, వాణిజ్య పన్నుల శాఖ దశాబ్దాలపాటు తిరగడానికి మూలం ఈ చట్టమే.

1957లోనే మరో ఒప్పందం జరిగింది. తర్వాతి చరిత్ర మీద దాని నీడ పొడవుగా పడినా, సంస్కరణ గురించిన పుస్తకాల్లో దానికి దక్కిన చోటు తక్కువ. వస్త్రాలు, పంచదార, పొగాకులపై అమ్మకపు పన్నును రాష్ట్రాలు వదులుకున్నాయి. బదులుగా కేంద్రం అదనపు ఎక్సైజ్ సుంకం వేసి, ఆ రాబడిని వాటికే పంచేందుకు ఒప్పుకుంది. ధరలు పెరిగినంతగా ఆ సుంకం పెరగలేదని, తమ చేతిలో ఉండి ఉంటే ఎక్కువ వచ్చేదని రాష్ట్రాలు ఆ తర్వాత చాలా ఏళ్లు ఫిర్యాదు చేశాయి. జీఎస్టీ చర్చల్లో రాష్ట్రాలు చట్టబద్ధమైన పూచీ కోసం అంత పట్టుబట్టడానికి ఈ అనుభవం ఒక కారణమని భావించవచ్చు.

ఆంధ్రప్రదేశ్ అవతరించాక మద్రాసు, హైదరాబాదు రాష్ట్రాల నుంచి వచ్చిన వేర్వేరు చట్టాల స్థానంలో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం 1957లో వచ్చింది. 2005 వరకు ఉభయ ప్రాంతాల వ్యాపారులకూ తెలిసింది ఈ చట్టమే.

పన్ను మీద పన్ను

పాత పద్ధతిలో ప్రధాన లోపం పన్ను మీద పన్ను పడటం. ఉదాహరణకు 100 రూపాయల సరుకుపై ఫ్యాక్టరీ గేటు దగ్గర 10 శాతం ఎక్సైజ్ పడితే ధర 110 అవుతుంది. రాష్ట్రం దాటేటప్పుడు 4 శాతం కేంద్ర అమ్మకపు పన్ను 110 మీద పడి 114.40 అవుతుంది. చేరిన రాష్ట్రంలో 8 శాతం అమ్మకపు పన్ను ఉంటే, వ్యాపారి లాభం కలపకముందే ధర 123.55కు చేరుతుంది. రేట్లు కూడితే 22 రూపాయలే. మిగతా 1.55 పన్ను మీద పడిన పన్ను. చేతులు మారినకొద్దీ ఇది పెరుగుతుంది, కొనేవారికి మాత్రం బిల్లులో ఎక్కడా కనిపించదు.

దీనికి విరుగుడు ప్రతి దశలోనూ అంతకుముందు కట్టిన పన్నును మినహాయించుకోనివ్వడం. దీన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. మినహాయింపు కావాలంటే కొనేవాడు బిల్లు అడగాలి. అందువల్ల బిల్లు లేని జీరో దందా తనంతట తానే తగ్గుతుందన్నది సిద్ధాంతం. ఎక్సైజ్ కేంద్రానిది, అమ్మకపు పన్ను రాష్ట్రానిది అయినంతకాలం ఒకరికి కట్టిన పన్నును ఇంకొకరి పన్నులో తగ్గించుకునే దారి లేకపోయింది.

మాడ్వ్యాట్, సేవా పన్ను

ఈ మినహాయింపు పద్ధతిని కేంద్ర సుంకాల్లో ప్రవేశపెట్టాలని మొదట గట్టిగా సూచించింది ఎల్.కె. ఝా కమిటీ. దీని కాలాన్ని కొన్ని పుస్తకాలు 1976 అని, మరికొన్ని 1978 అని ఇస్తాయి. మొదటిది కమిటీని నియమించిన ఏడాది, రెండోది నివేదిక పూర్తయిన ఏడాది కావడంతో ఈ తేడా. 1986 మార్చిలో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ కొన్ని సరుకులకు మాడ్వ్యాట్ తెచ్చారు. 1991లో నియమించిన రాజా చెల్లయ్య కమిటీ దాని పరిధి పెంచమంది. 2000లో అది సెన్వ్యాట్‌గా మారింది.

సేవలపై పన్ను 1994 జులై 1న మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్ సేవలతో, 5 శాతం రేటుతో మొదలైంది. రాజ్యాంగంలో దీనికి ప్రత్యేకించిన పద్దు లేకపోవడంతో కేంద్రం తన అవశిష్ట అధికారం కింద ఈ పన్ను వేసింది. సేవల రంగం పెరిగినకొద్దీ రాబడి కేంద్రానికే చేరింది. రాష్ట్రాలకు సేవలపై పన్ను వేసే అధికారం దక్కడమే జీఎస్టీలో వాటికి అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ అయింది.

వ్యాట్: పూచీ దొరికాక కదిలిన ఘట్టం

1990లలో రాష్ట్రాలు పెట్టుబడుల కోసం పోటీపడి అమ్మకపు పన్ను రాయితీలు ఇచ్చాయి. ఈ పోటీలో అందరూ నష్టపోతున్నారని గ్రహించాక, 1999 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా పిలిచిన ముఖ్యమంత్రుల సమావేశంలో కనీస రేట్లు పాటించాలని, ఆపై వ్యాట్‌కు మారాలని నిర్ణయించారు. 2000 జులైలో రాష్ట్రాల ఆర్థిక మంత్రుల సాధికార కమిటీ ఏర్పడింది. పశ్చిమ బెంగాల్ ఆర్థిక మంత్రి అసీం దాస్‌గుప్తా దానికి అధ్యక్షుడు. కేంద్రంలోని ప్రభుత్వానికి రాజకీయంగా ఎదురుపక్షాన ఉన్న నాయకుడు ఈ బాధ్యత మోయడం కమిటీకి విశ్వసనీయత తెచ్చింది.

2002 ఏప్రిల్, 2003 ఏప్రిల్ గడువులు రెండూ తప్పాయి. 2003లో హర్యానా ఒక్కటే మారింది. 2005 జనవరి 17న శ్వేతపత్రం వెలువడింది. కేంద్రం మొదటి ఏడాది నష్టంలో 100 శాతం, రెండో ఏడాది 75 శాతం, మూడో ఏడాది 50 శాతం భర్తీ చేస్తానంది. అదే ఏడాది ఏప్రిల్ 1న ఇరవైకి అటూఇటుగా రాష్ట్రాలు వ్యాట్‌లోకి వచ్చాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి రాష్ట్ర ఆర్థిక మంత్రి కొణిజేటి రోశయ్య. బీజేపీ పాలిత రాష్ట్రాలు 2006లో, తమిళనాడు 2007లో, ఉత్తరప్రదేశ్ 2008లో చేరాయి. 4, 12.5 శాతాలే ప్రధాన రేట్లన్న ఒప్పందం మాత్రం ఎంతోకాలం నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అవి తర్వాత 5, 14.5 శాతాలయ్యాయి.

వ్యాట్‌పై వ్యాపారులు దేశవ్యాప్తంగా దుకాణాలు మూసి నిరసన తెలిపారు. చాలా రాష్ట్రాల్లో రాబడి తగ్గకపోగా పెరిగింది. ఆ పెరుగుదల ఎంతవరకు వ్యాట్ చలవ, ఎంతవరకు ఆ ఏళ్లలో దేశ ఆర్థికాభివృద్ధి చలవ అన్నదానిపై నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు.

జీఎస్టీ ఆలోచన ఎప్పటిది

జీఎస్టీకి బీజం 2000లో వాజ్‌పేయీ ప్రభుత్వ కాలంలో పడిందని, దాస్‌గుప్తా కమిటీని జీఎస్టీ రూపకల్పనకే వేశారని తరచూ రాస్తుంటారు. కానీ ఆ ఏడాది ఏర్పడిన కమిటీ పని అమ్మకపు పన్నుల సమన్వయం, వ్యాట్ అమలు. జాతీయ స్థాయిలో సరుకులకూ సేవలకూ కలిపి పన్ను ఉండాలన్న స్పష్టమైన సిఫారసు విజయ్ కేల్కర్ అధ్యక్షతన 2004లో వచ్చిన ఆర్థిక బాధ్యత చట్టం అమలు కార్యదళ నివేదికలో ఉంది. అధికారిక ప్రకటన 2006 ఫిబ్రవరి 28 నాటి బడ్జెట్ ప్రసంగంలో పి. చిదంబరం చేశారు, గడువు 2010 ఏప్రిల్ 1 అన్నారు. పత్రాల బలం ఈ రెండో వృత్తాంతానికే ఎక్కువ. ఏ ఒక్క ప్రభుత్వానికీ పూర్తి ఘనత కట్టబెట్టలేని సంస్కరణ ఇది.

రాజ్యాంగ సవరణ

కేంద్రానికి అమ్మకంపై, రాష్ట్రాలకు సేవలపై పన్ను వేసే అధికారం లేదు కాబట్టి రాజ్యాంగ సవరణ తప్పలేదు. సాధికార కమిటీ తొలి చర్చాపత్రం 2009 నవంబరులో వచ్చింది. 2011 మార్చిలో ప్రవేశపెట్టిన 115వ సవరణ బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. ఆ దశలో గుజరాత్, మధ్యప్రదేశ్ గట్టిగా అభ్యంతరం చెప్పాయి.

ఈ ప్రతిష్టంభనకు పార్టీ రాజకీయాలే కారణమని ఒక వాదం. అంతకన్నా లోతైన కారణం కేంద్ర అమ్మకపు పన్ను పరిహారం. జీఎస్టీకి దారి వేయడానికి ఆ పన్నును 2007లో 3 శాతానికి, 2008లో 2 శాతానికి తగ్గించారు. దానికి ఇస్తామన్న పరిహారం కొన్నేళ్ల తర్వాత నిలిచిపోయిందని అన్ని పార్టీల రాష్ట్ర ప్రభుత్వాలూ ఫిర్యాదు చేశాయి. 2014 చివర్లో అరుణ్ జైట్లీ ఆ బకాయిలను వాయిదాల్లో చెల్లించేందుకు ఒప్పుకున్నాకే చర్చలు తిరిగి వేగం పుంజుకున్నాయి.

122వ సవరణ బిల్లు 2014 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. పన్ను గరిష్ఠ రేటును రాజ్యాంగంలోనే 18 శాతంగా రాయాలని కాంగ్రెస్ కోరింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. తయారీ రాష్ట్రాల కోసం ప్రతిపాదించిన 1 శాతం అదనపు పన్నును మాత్రం వదులుకుంది. 2016 ఆగస్టు 3న రాజ్యసభ 203-0 ఓట్లతో ఆమోదించింది. అన్నాడీఎంకే సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు. సెప్టెంబరు 8న రాష్ట్రపతి ఆమోదంతో అది 101వ సవరణ చట్టమైంది.

279ఎ అధికరణం కింద ఏర్పడిన జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటుకు మూడో వంతు, రాష్ట్రాలన్నిటి ఓట్లకు కలిపి మూడింట రెండు వంతుల విలువ ఉంటుంది. నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల బలం కావాలి. కాబట్టి కేంద్రాన్ని కాదని రాష్ట్రాలు, రాష్ట్రాలను కాదని కేంద్రం ఏమీ నిర్ణయించలేవు. చాలాకాలం మండలి ఓటింగు లేకుండానే నడిచింది. మొదటిసారి ఓటు 2019 డిసెంబరులో, లాటరీలపై పన్ను విషయంలో జరిగింది. వ్యాపారులపై అజమాయిషీ ఎవరిదన్న తగవు 2017 జనవరి 16న తెగింది. ఏడాదికి కోటిన్నర టర్నోవర్ లోపు వారిలో 90 శాతం మంది రాష్ట్రాల కిందికి, ఆపైవారిలో చెరి సగం. తీరానికి 12 నాటికల్ మైళ్ల వరకు జరిగే వ్యాపారంపై పన్ను వసూలు అధికారం తీర రాష్ట్రాలకు అప్పగించే అంగీకారమూ ఆ రోజే కుదిరింది.

ఆంధ్రప్రదేశ్ విభజన, పన్ను చిక్కులు

దేశమంతా ఒకే మార్కెట్ గురించి చర్చ జరుగుతున్న కాలంలోనే 2014 జూన్ 2న ఒక రాష్ట్రం రెండైంది. దీని పన్ను పర్యవసానాలను జీఎస్టీ చరిత్రలు దాదాపు పట్టించుకోలేదు. అందుకే ఇక్కడ కొంత వివరంగా ఇవ్వడమైంది.

విజయవాడలోని టోకు వ్యాపారి హైదరాబాదులో లక్ష రూపాయల సరుకు కొన్నాడనుకుందాం. జూన్ 1 వరకు అది రాష్ట్రం లోపలి కొనుగోలు. 14.5 శాతం చొప్పున కట్టిన 14,500 రూపాయల వ్యాట్‌ను తన అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో మొత్తం తగ్గించుకునేవాడు. జూన్ 2 నుంచి అదే సరుకు, అదే లారీ, అదే రహదారి అంతర్రాష్ట్ర వ్యాపారమయ్యాయి. సీ ఫారం ఇస్తే 2 శాతం, అంటే 2,000 రూపాయల కేంద్ర అమ్మకపు పన్ను. అది తెలంగాణ ఖజానాకు చేరుతుంది, ఆంధ్రలో దానికి మినహాయింపు రాదు. సీ ఫారం ఇవ్వలేకపోతే మొత్తం 14.5 శాతమూ అతని ఖర్చులో కలిసిపోతుంది. గుంటూరు నుంచి ఖమ్మానికి, కర్నూలు నుంచి మహబూబ్‌నగర్‌కు వెళ్లే సరుకు పరిస్థితీ ఇంతే. రాష్ట్రాల గీతలు దాటగానే పన్ను మినహాయింపు గొలుసు తెగడమంటే ఏమిటో తెలుగు వ్యాపారులకు పాఠ్యపుస్తకం అక్కర్లేకుండా తెలిసింది. మూడేళ్ల తర్వాత జీఎస్టీలో అంతర్రాష్ట్ర అమ్మకాలపై వేసే సమీకృత పన్ను ఈ గొలుసును తిరిగి కలిపింది. ఈ ఒక్క విషయంలో జీఎస్టీ చేసిన మేలు నిస్సందేహమైనది.

పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 50, 56 సెక్షన్లు మరో వివాదానికి దారితీశాయి. 50వ సెక్షన్ ప్రకారం పన్ను బకాయిలు వసూలు చేసుకునే హక్కు, పన్ను నిర్ధారణ జరిగే చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానిది. చాలా సంస్థల ప్రధాన కార్యాలయాలు హైదరాబాదులో ఉండటంతో ఇది తెలంగాణకు కలిసివచ్చింది. 56వ సెక్షన్ ప్రకారం ఎక్కువగా వసూలైన పన్నులు తిరిగి చెల్లించే భారం మాత్రం జనాభా నిష్పత్తిలో, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పడింది. రాబడికి ఒక కొలమానం, బాధ్యతకు మరో కొలమానం పెట్టడం అన్యాయమని ఆంధ్రప్రదేశ్ వాదన. సెక్షన్ల పాఠం చదివితే ఆ వాదనలో బలం కనిపిస్తుంది. తెలంగాణ వైపు నుంచి చూస్తే, పార్లమెంటు చేసిన చట్టం ఉన్నది ఉన్నట్టు అమలు కావాలన్నది సమాధానం.

అమలు: పోర్టల్, రిటర్నులు, క్రెడిట్

2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాలులో జీఎస్టీని ప్రారంభించారు. జమ్మూకశ్మీర్‌లో జులై 8న అమల్లోకి వచ్చింది. కేంద్ర, రాష్ట్ర పన్నులు 17 ఇందులో కలిసిపోయాయని అధికారిక లెక్క, సెస్సులను 13గా విడిగా చూపుతారు. తమిళనాడు సరిహద్దున తడ దగ్గరిలాంటి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు మూతపడ్డాయి. కాగితాలు చూపించడానికి లారీలు వరుసకట్టి నిలబడే రోజులు పోవడం డ్రైవర్లకు, సరుకు యజమానులకు వెంటనే తెలిసిన లాభం.

వ్యవస్థ మొత్తం ఒక కంప్యూటర్ పోర్టల్ మీద ఆధారపడింది. అమ్మేవాడి రిటర్ను జీఎస్టీఆర్-1, కొనేవాడిది జీఎస్టీఆర్-2, రెండూ సరిపోలాక జీఎస్టీఆర్-3. నెలకు మూడు, ఏడాదికి వార్షిక రిటర్నుతో కలిపి 37. ఈ పథకం మొదటి నెలల్లోనే కూలింది. గడువు రోజుల్లో పోర్టల్ మొరాయించడం, ఆడిటర్ల కార్యాలయాల్లో అర్ధరాత్రి దాకా తెర ముందు కూర్చోవడం అప్పట్లో ఊరూరా కనిపించిన దృశ్యం. 2017 నవంబరులో రెండో, మూడో రిటర్నులను పక్కనపెట్టి, తాత్కాలికంగా తెచ్చిన 3బి అనే సంక్షిప్త రిటర్నునే కొనసాగించారు. ఆ తాత్కాలికమే స్థిరపడింది. సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసుకోవాల్సిన ఇ-వే బిల్లు 2018 ఫిబ్రవరి 1న మొదలై మొదటి రోజే పోర్టల్ ఆగిపోవడంతో వాయిదా పడింది. ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు, ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల లోపలి రవాణాకు అమలైంది.

సరిపోల్చే యంత్రాంగం లేని కాలంలో నకిలీ బిల్లులు పుట్టుకొచ్చాయి. సరుకు కదలకుండానే కాగితం మీద అమ్మకాలు చూపి క్రెడిట్ కాజేసే ముఠాలు పెరిగాయి. దానికి మందుగా, అమ్మినవాడు పోర్టల్‌లో చూపని బిల్లులపై కొన్నవాడికిచ్చే క్రెడిట్‌కు కోత మొదలుపెట్టారు. 2019 అక్టోబరులో కనిపించే క్రెడిట్‌కు మించి 20 శాతం వరకు అనుమతించారు. తర్వాత అది 10 శాతానికి, 5 శాతానికి తగ్గి, 2022 జనవరి నుంచి సున్నా అయింది. దొంగలను పట్టడానికి ఇది అవసరమే. కానీ పన్నుతో సహా డబ్బు చెల్లించి, సరుకు తీసుకుని, బిల్లు దగ్గర ఉంచుకున్న చిన్న వ్యాపారి కూడా, అవతలివాడు రిటర్ను వేయలేదన్న కారణంతో అదే పన్ను రెండోసారి కట్టాల్సి వస్తోంది. తప్పు చేసినవాణ్ని వెతికే బాధ్యత శాఖది కావాలి. దాన్ని కొనుగోలుదారు నెత్తిన పెట్టడం ఈ సంస్కరణలో ఇప్పటికీ సరిదిద్దని అన్యాయం.

రిజిస్ట్రేషన్ పరిమితి విషయంలోనూ తెలుగు రాష్ట్రాలు వేరుపడ్డాయి. 2019 ఏప్రిల్ నుంచి సరుకుల వ్యాపారులకు పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచే అవకాశం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ పెంచింది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది.

రేట్లు, తలకిందుల పన్ను

2015 డిసెంబరులో అరవింద్ సుబ్రమణియన్ కమిటీ రాబడి తగ్గకుండా ఉండే రేటును 15-15.5 శాతంగా అంచనా కట్టి, ఎక్కువ సరుకులకు 17-18 శాతం సూచించింది. మండలి చివరకు 5, 12, 18, 28 శాతాలతో నాలుగు శ్లాబులు, బంగారానికి 3 శాతం, కొన్నిటిపై పరిహార సెస్సు పెట్టింది. రేట్లు ఎక్కువైనకొద్దీ ఏ సరుకు ఏ శ్లాబులోకి వస్తుందన్న తగవులు పెరిగాయి. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యంపై 5 శాతం పన్ను వేస్తే, మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చాయి.

ముడిసరుకుపై పన్ను ఎక్కువ, తయారైన సరుకుపై తక్కువ ఉండటాన్ని తలకిందుల పన్ను అనవచ్చు. సిరిసిల్ల మరమగ్గాల ఉదాహరణతో ఇది తేలిగ్గా తెలుస్తుంది. అక్కడ నేసేదాంట్లో పాలిస్టర్ బట్ట వాటా పెద్దది. పాలిస్టర్ నూలుపై పన్ను మొదట 18 శాతం, 2017 అక్టోబరు నుంచి 12 శాతం. బట్టపై 5 శాతమే. యజమాని 100 రూపాయల నూలు కొంటే 12 రూపాయల పన్ను కట్టాలి. ఆ బట్టను 130కి అమ్మితే కొన్నవారి నుంచి వచ్చే పన్ను 6.50. మిగతా 5.50 క్రెడిట్ ఖాతాలో పేరుకుపోతుంది. ఇలాంటి క్రెడిట్‌ను వాపసు ఇవ్వడమన్నది చట్టంలో ఉన్నా, బట్టలకు 2018 జులై ఆఖరు వరకు ఆ వీలు ఇవ్వలేదు. ఆగస్టు 1 నుంచి ఇస్తూ, అప్పటిదాకా పేరుకున్నది చెల్లదన్నారు. ఆ నిబంధనను తర్వాత గుజరాత్ హైకోర్టు కొట్టివేసింది. నూలు కొనేది యజమాని, మగ్గాలు పెట్టేది ఆసామి, నడిపేది కార్మికుడు. పెట్టుబడి ఇరుక్కుంటే బరువు కింది దాకా దిగుతుంది. సమస్యను తీర్చేందుకంటూ 2022 జనవరి 1 నుంచి వస్త్రాలన్నిటినీ 12 శాతానికి పెంచాలనుకుని, నిరసనల మధ్య ముందురోజు విరమించారు. 2025 సెప్టెంబరులో నూలునే 5 శాతానికి దించాక చిక్కు చాలావరకు వీడింది. ఆ చిన్న మార్పుకు ఎనిమిదేళ్లు పట్టింది.

పరిహారం, 2020 వివాదం

2017 నాటి పరిహార చట్టం, 2015-16 రాబడిని ప్రాతిపదికగా తీసుకుని ఏడాదికి 14 శాతం పెరుగుదలకు అయిదేళ్లు హామీ ఇచ్చింది. 14 శాతం ఎక్కువన్న విమర్శ ఉంది. కానీ ఆ సంఖ్య లేకుండా రాష్ట్రాలు సంతకం చేసేవని చెప్పలేం. తొలి రెండేళ్లు పంజాబ్ లాంటి రాష్ట్రాలతో పోలిస్తే తెలుగు రాష్ట్రాలకు పరిహారం అవసరం తక్కువగానే పడింది.

ఈ పరిహారాన్ని పరిహార సెస్సు నుంచి చెల్లించాలి. కరోనాతో ఆ సెస్సు రాబడి పడిపోయింది. 2020 ఆగస్టు 27 మండలి సమావేశంలో, లోటును రాష్ట్రాలే అప్పు చేసి పూడ్చుకోవాలని కేంద్రం రెండు మార్గాలు చూపింది. చాలా రాష్ట్రాలు దీన్ని మాట తప్పడంగా భావించాయి. ఆంధ్రప్రదేశ్ మొదటి మార్గాన్ని తొలి విడతలోనే ఎంచుకుంది. కేంద్రమే అప్పు చేయాలని పట్టుబట్టిన తెలంగాణ నవంబరులో ఒప్పుకుంది. అంతకుముందే, అక్టోబరులో కేంద్రం తానే 1.1 లక్షల కోట్లు అప్పుచేసి రాష్ట్రాలకు ఇవ్వడానికి దిగివచ్చింది. మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు తెచ్చింది. పరిహారం 2022 జూన్ 30తో ముగిసినా, ఈ అప్పు తీర్చడానికి సెస్సు 2026 మార్చి వరకు వసూలు చేయాలని గడువు పెంచారు. హామీ చట్టంలో ఉన్నా, డబ్బు చాలనప్పుడు ఎవరు బాధ్యులో అందులో స్పష్టంగా రాయకపోవడమే ఈ వివాదానికి మూలం.

కోర్టులు, ట్రైబ్యునల్

2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో, మండలి సిఫారసులు కేంద్ర, రాష్ట్ర చట్టసభలను కట్టిపడేయవని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాష్ట్రాల స్వేచ్ఛ పెరుగుతుందని అప్పట్లో అంచనాలు వచ్చినా, ఆచరణలో మండలి మాట దాటి వేరు రేటు పెట్టిన రాష్ట్రం కనబడలేదు. అప్పీలు ట్రైబ్యునల్ కూర్పులోని కొన్ని నిబంధనలను 2019లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. చట్టాన్ని సవరించి, ట్రైబ్యునల్‌ను లాంఛనంగా ప్రారంభించేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది. అన్నేళ్లూ వ్యాపారికి హైకోర్టులో రిట్ వేయడమే దారి. ఆ ఖర్చు భరించలేని చిన్నవారు అధికారి అడిగినంత కట్టి ఊరుకోవాల్సి వచ్చింది.

2025 మార్పులు, మిగిలిన పని

2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ సమావేశంలో 12, 28 శ్లాబులను తీసివేసి 5, 18 శాతాలను, కొన్ని విలాస, హానికర వస్తువులకు 40 శాతాన్ని నిర్ణయించారు. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై పన్ను ఎత్తేశారు. నికర రాబడిపై ప్రభావం 48,000 కోట్లని కేంద్రం అంచనా వేసింది. తెలంగాణతో సహా ఎనిమిది రాష్ట్రాలు సమావేశానికి ముందే అయిదేళ్ల పరిహారం కోరాయి, అది దక్కలేదు.

పెట్రోలు, డీజిలు, ముడి చమురు, సహజ వాయువు, విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీ వెలుపలే ఉన్నాయి. మనుషులు తాగే మద్యం రాజ్యాంగ పరంగానే దీని పరిధిలో లేదు. తమ చేతిలో మిగిలిన పెద్ద పన్నులు ఇవే కాబట్టి రాష్ట్రాలు వదలవు. కేంద్రానికీ పెట్రోలు సుంకం కీలకమే. డీజిలుపై కట్టే పన్నుకు క్రెడిట్ లేనంతకాలం ప్రతి సరుకు రవాణా ఖర్చులోనూ పన్ను మీద పన్ను ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

మూల్యాంకనం

2024-25లో మొత్తం జీఎస్టీ వసూళ్లు 22.08 లక్షల కోట్లు. నమోదైన పన్ను చెల్లింపుదారులు కోటిన్నర దాటారు. అంతర్రాష్ట్ర వ్యాపారంలో అడ్డుగోడలు తొలగాయి. వీటిని చూసి సంస్కరణ విజయవంతమైందనేవారి మాటను తోసిపుచ్చలేం. దేశ ఆదాయంతో పోలిస్తే రాబడి అనుకున్నంత పెరగలేదని, చిన్న వ్యాపారులపై కాగితాల భారం పెరిగిందని చెప్పేవారి వద్దా ఆధారాలున్నాయి. ఏ వైపు మొగ్గినా ఒక విషయం కాదనలేనిది. 1957 ఒప్పందం, కేంద్ర అమ్మకపు పన్ను తగ్గింపు, 2020 అప్పుల వివాదం, ఈ మూడింటిలోనూ రాష్ట్రాలు ముందు అధికారం వదులుకున్నాయి, తర్వాత డబ్బు కోసం అడగాల్సి వచ్చింది. పెట్రోలియం చేరిక గాని, ఇక ముందు రేట్ల కోత గాని సాఫీగా జరగాలంటే, లోటు వస్తే ఏ నిధి నుంచి, ఎవరి పూచీతో, ఏ తేదీ లోపు చెల్లిస్తారో చట్టంలోనే రాయాలి. కట్టిన పన్నుకు క్రెడిట్ దక్కుతుందన్న అదే భరోసా బిల్లు పట్టుకున్న చిన్న వ్యాపారికీ ఇవ్వాలి.